పెద్ద తెర ముందర మామ కుర్చీ

మామ పోయిన సంగతి నాకు మొదట చెప్పింది నాగవేణక్క. రాయకోట నుంచి పొద్దున బస్సుకు పూలగంప ఎత్తుకొని హోసూరుకు వచ్చి, మా వీధిలో ఇంటింటికీ పూలు వేసే మనిషి. ఆ దినం మూర కొలవకుండా దండంతా తీసి నా చేతుల్లో పెట్టేసింది.

"ఏమక్కా, ఇన్ని పూలేమిటికి?" అన్నాను.

"ఉండనీమ్మా. నువ్వు ముందు కూచో. మీ డెక్కు మామ తెల్లారేసరికి లేడంట. ఫోనులో చెప్పడానికి మీ అమ్మకు నోరు రాలేదు. బస్టాండు దాకా వచ్చి నాతో చెప్పి పంపించింది."

నేను కూచోలేదు. ఆ పూలు దేవుడికి పెట్టాలా, రాయకోటకు తీసుకపోవాలా తెలియక వాకిట్లోనే నిలబడిపోయినాను. నాగవేణక్కే నా చేతుల్లోంచి దండ తీసుకొని రెండుగా తెంచింది. "సగం స్వామికి పెట్టమ్మా, సగం ఆయనకు తీసుకపో," అనింది. అంత మాత్రం ఆలోచన కూడా నాకు రాలేదు. ఆమెకు ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మామ మా అమ్మకు తమ్ముడు. పెండ్లి చేసుకోలేదు. రాయకోటలో మా అమ్మ ఇంటి పక్క గదిలో ఉండేవాడు. ఆయన అసలు పేరు చెప్తే ఊర్లో సగం మందికి తెలియదు. తొంభైలలో పెండ్లికో జాతరకో టీవీ, వీడియో డెక్కు తీసుకపోయి సినిమా వేసేవాడు కాబట్టి డెక్కు మామ అంటే మాత్రం ఉద్దనపల్లి దాకా, అటు మత్తూరు దాకా తెలుసు. టీవీని బొంతలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకొని కూచుంటే, కండక్టరు "ఏమప్పా, బిడ్డకు టికెట్టు?" అనేవాడంట. "ఇంకా పాలు మానలేదు సామీ," అని మామ జవాబు.

సినిమా వేసేవాడు గానీ సినిమా చూసేవాడు కాదు. బొమ్మ మొదలైతానే లేచి జనం వెనకాలకు పోయేవాడు. అందరికంటే కడాన, గొడ్లపాక గోడకు ఆనుకొని కూచున్న ముసలామె పక్కన గొంతుకూచొని, ఆమె కండ్ల ఎత్తున తన కండ్లు పెట్టి చూసేవాడు. ఆడ నుంచి బొమ్మ సరిగా లేకపోతే ముందుకొచ్చి ఆపేసేవాడు. జనం అరిచేవాళ్ళు, ఈలలు వేసేవాళ్ళు. ఆయన నిదానంగా రోలు బోర్లించి, దాని మీద బియ్యం మూట పెట్టి, దాని మీద టీవీ ఎక్కించి, మళ్ళీ వెనక్కి పోయి కూచొని చూసి, అప్పుడు చెయ్యి ఊపేవాడు. "ముందర కూచున్నోడు ఎట్లయినా చూస్తాడు. కడాన కూచున్నోళ్ళకు కనపడల్ల," అనేవాడు.

ఇంకొక అలవాటు. కొత్త టీవీ ఏది చూసినా ముందు నలుపు చూసేవాడు. రెండు చేతులూ దోసిలి మాదిరి కండ్లకు అటూ ఇటూ అడ్డం పెట్టుకొని, బొమ్మలో వెంట్రుకలో, రాత్రి ఆకాశమో, ఎక్కడ నలుపుంటే అక్కడ చూసేవాడు. "రంగులు ఎవురైనా చూపిస్తారు. నలుపు నల్లగా ఉండాదా, బూడిద పూసినట్ల ఉండాదా, అది చూడల్ల." పాటలు పెడితే ఒప్పుకునేవాడు కాదు. మనిషి మాట్లాడేది పెట్టమనేవాడు. మా చుట్టాల్లో ఎవరూ మామ చూడకుండా టీవీ కొనేవాళ్ళు కాదు. పెండ్లికూతుర్ని చూడడానికి పోయేటప్పుడైనా ఎవరైనా ఒకరు తప్పిపోవచ్చు గానీ, టీవీ చూడడానికి మామ పోవాల్సిందే.

నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం. దుమ్ము తగిలితే చాలు, పడుకోబెట్టేవాళ్ళు. బడికి పంపలేదు. ఇంట్లో అమ్మ అరవం నేర్పించింది. తెలుగు అక్షరాలు దిద్దించింది మామ. మా పక్క మాట్లాడేది తెలుగే అయినా రాసేవాళ్ళు తక్కువ. క్యాసెట్ల మీద అంటించే చీటీలు ఇచ్చి, "దీని మీద పేరు రాయి పాపా. కొమ్ము తప్పయితే జనం తప్పు సినిమా చూసిపోతారు," అని నవ్వేవాడు. నేను ఈ పొద్దు భాగవతం చదువుకుంటున్నానన్నా, ఈ నాలుగు మాటలు రాస్తున్నానన్నా ఆ చీటీల పుణ్యమే. అది ఇచ్చినాయనకు నేను తిరిగి ఇచ్చింది ఏమీ లేదు.

డెక్కులు పోయినాయి, సీడీలు వచ్చినాయి, అవీ పోతా ఉన్న కాలం. మా ఇంటాయన ఫ్యాక్టరీలో సూపర్వైజరు. షిఫ్టు దిగి వచ్చినాక ఆయనకు ఉండే ఒకే ఒక సరదా కంప్యూటరులో కారు పందెం ఆడేది. స్నేహితుల ఇండ్లకు పోయి ఆడి వచ్చేవాడు. "పెద్ద తెర లాప్‌టాప్ ఒకటి తీసుకుందాం. నాకు ఆట, నీకు హరికథలు, ఆదివారం అందరికీ సినిమా. టీవీ, ప్లేయరు, కంప్యూటరు మూడూ ఒక దాంట్లో," అన్నాడు. సరే, మామను పిలిపించండి అన్నాను. అది మా ఇంటి మర్యాద.

మామ ఎప్పుడూ మోపెడ్ మీద వచ్చేవాడు. ఆ దినం బస్సులో వచ్చినాడు. చైను తెగింది అన్నాడు. నేను నమ్మినాను.

షాపులో పదిహేడు అంగుళాల తెరది ఒకటి తీసి పెట్టినారు. చూపించే అమ్మాయి గలగలా మాట్లాడుతుంది. "గేమ్స్ కోసమే చేసింది తాతా ఇది. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది."

"కార్డు నాకు తెలీదమ్మా. బొమ్మ నల్లగా చేసి చూపించు."

"నల్లగానా? ఆఫ్ చెయ్యమంటారా?"

"ఆఫ్ చేస్తే వచ్చేది చీకటి తల్లీ. నాకు కావల్సింది నలుపు."

ఆ అమ్మాయి నవ్వి, రాత్రి ఊరి బొమ్మ ఏదో పెట్టింది. మామ కండ్లకు చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఊరికే వంగి చూసినాడు. "నలుపు బాగుండాది," అన్నాడు. తర్వాత వార్తలు చదివే మనిషిని పెట్టించినాడు. "గొంతు పౌడరు డబ్బాలో నుంచి వచ్చినట్ల ఉండాది. దీనికి వేరే స్పీకర్లు పెట్టుకోవల్ల." అరచెయ్యి తిప్పి, వెనకపక్క అడుగున ఆనించి పెట్టినాడు. ఆ అమ్మాయి ఏదో ఆట నడిపిస్తా ఉంటే ఎంత కాగుతుందో అట్లే పెట్టి చూసినాడు. "ఈ మూల దోస పోసుకోవచ్చప్పా. పరుపు మీద పెట్టొద్దు, కింద గాలి ఆడల్ల." ఒకసారి రెండు చేతులతో ఎత్తి చూసి, "ఒళ్ళో పెట్టుకొనేది అంటిరే. ఇది మన ఒళ్ళో కూచొనేదా, మనం దీని ఒళ్ళో కూచొనేదా?" అన్నాడు. మా ఇంటాయన పగలబడి నవ్వినాడు. అంతవరకూ అది మా పాత మామే.

తర్వాత మా ఇంటాయన కారు పందెం పెట్టినాడు. మామ ఆయన భుజం మీద నుంచి వంగి చూస్తున్నాడు. కారు ధడేల్‌మని తిరగబడింది.

"ఎవుడప్పా గుద్దింది? యాడ నుంచి వచ్చినాడు?"

"ఎడమపక్క నుంచి మామా. ఎర్ర కారు. ఇంతసేపూ మన పక్కనే వస్తా ఉండె కదా!"

మామ తల ఎడమకు తిప్పి చూసినాడు, కుడికి తిప్పినాడు, పైకి, కిందికి. గోడ మీద రాసిన పెద్ద అక్షరాలను దగ్గర నిలబడి కూడబలుక్కునే మనిషి మాదిరి. ఆ తర్వాత అన్నాడు: "ఈ పెద్దది వద్దప్పా. బొమ్మ తునకలు తునకలైపోతా ఉండాది. అదో, ఆ చిన్నది చూడు. అంతా ఒక్కచోట ఉండాది."

"ఏం మామా, ఆ చిన్నదాంట్లో కారుకూ చీమకూ తేడా తెలియదు. ఆ మాత్రం దానికి క్యాలెండరు తగిలించుకుంటే పోలా?"

"నీ ఇష్టం నాయనా. నాకు తోచింది చెప్పినాను," అని వెనక్కి అడుగేసి, పక్కనే ఉన్న స్టూలుకు తగిలినాడు. పైనున్న అట్టపెట్టెలు బడబడా పడినాయి. "మెల్లగా తాతా, మీకు నచ్చకపోతే మాత్రం అన్నీ పడగొట్టేస్తారా," అని ఆ అమ్మాయి పాపం సరదాకే అనింది. మామ కూడా నవ్వినాడు. కానీ బయటికి వచ్చేటప్పుడు ఉన్న ఒక్క మెట్టును కాలితో తడిమి తడిమి దిగినాడు. నేను చూసినాను.

మా ఇంటాయన లోపల బిల్లు వేయిస్తున్నాడు, పెద్దదానికే. నేను మామను పక్క టీ అంగట్లో బెంచీ మీద కూచోబెట్టి, టీ తెచ్చి ఆయన ఎడమపక్క కూచొని గ్లాసు చాపినాను. ఆయన ఎదురుగా రోడ్డు చూస్తా కూచున్నాడు. గ్లాసు ఆయన చెంప దగ్గరే ఉంది, పొగలు వస్తున్నాయి. కాసేపటికి, "టీ తెస్తానంటివి కదా పాపా, ఏదీ?" అన్నాడు.

నా చేతిలో గ్లాసు ఒరిగి టీ ఆయన చొక్కా మీద ఒలికింది. అప్పుడు తల తిప్పి గ్లాసు చూసినాడు. నన్ను చూసినాడు. ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి మామా?"

"తెలీదు పాపా. బల్బు పోతే తెలుస్తాది. ఇది అట్ల పోలే. ఎవురో పక్కల నుంచి తెర మూస్తా వచ్చినట్ల ఉండాది. నడిమధ్య ఇంకా బాగుండాది. ముందు నలుపు చూసేదానికి చేతులు అడ్డం పెట్టుకొనేవాణ్ణి కదా, ఇప్పుడు ఆ పని లేదు. దేవుడే పెట్టేసినాడు."

అని నవ్వినాడు. నేను నవ్వలేకపోయినాను. ఆయన గొంతు తగ్గించి అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ఎవురికీ చెప్పొద్దమ్మా. మీ అమ్మకు అసలు చెప్పొద్దు. కండ్లు లేనోడు అని పేరు పడితే, ఇంక ఆ పేరే నిలిచిపోతాది. ముందర ఎవురెవురికి ఏం చూపించినానో అదంతా తుడిచిపెట్టుకపోతాది. నాకు చావంటే భయం లేదు గానీ ఆ పేరంటే భయం."

మా ఇంటాయనకు మాత్రం చెప్పక తప్పలేదు. ముగ్గురం కృష్ణగిరిలో కంటి డాక్టరమ్మ దగ్గరకు పోయినాం. తెల్లటి పెద్ద గిన్నె లాంటి దాంట్లోకి మొగం పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమని చేతికి ఇచ్చినారు. మామ ఉత్సాహంగా, "ఇది కూడా ఆటే కదప్పా, నీ కారు పందెం మాదిరి," అన్నాడు మా ఇంటాయనతో. చుక్కలు వెలుగుతున్నాయి. ఆయన నొక్కడం లేదు. కాసేపటికి ఆయనకే అనుమానం వచ్చినట్లుంది, టకటకా నొక్కడం మొదలుపెట్టినాడు. "పెద్దాయనా, కనిపిస్తేనే నొక్కండి," అనింది డాక్టరమ్మ. మామ చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంతసేపటికో ఒకసారి నొక్కేవాడు. నేను పక్కన నిలబడి పెదవులు కదపకుండా నామం చెప్పుకుంటున్నాను. ప్రతి చుక్కకూ, నొక్కు మామా, నొక్కు, అనిపిస్తుంది. నేనెట్ల నొక్కేది?

కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినింది అని చెప్పింది డాక్టరమ్మ. పోయింది తిరిగి రాదు, ఉన్నది పోకుండా చుక్కల మందు వెయ్యండి, అనింది. మా ఇంటాయన చిన్నపిల్లవాడి మాదిరి అడిగినాడు: "పెద్ద తెరది కొన్నామమ్మా. కండ్లు తగ్గినవాళ్ళకు పెద్దదే కదా మేలు?"

"ఈయనకు కాదండీ. గొట్టంలోంచి చూస్తున్నారనుకోండి. పెద్ద బొమ్మ దగ్గరగా ఉంటే ఒక ముక్కే కనిపిస్తుంది. దూరంగా కూచుంటే కాస్త మేలు."

తిరుగు బస్సులో మా ఇంటాయన, "మామా, ఇది ఇచ్చేసి చిన్నది తెస్తాను," అన్నాడు. "నోరు మూసుకో అప్పా. నువ్వు ఆడుకొనేదానికి కొన్నావు. నేను దూరంగా కూచుంటా. దానికేం భాగ్యం," అన్నాడు మామ. ఆయన ఇంతకుముందు చూసి చెప్పిన ఏ టీవీ మాటా తప్పలేదు. ఈ ఒక్కటి మేము వినలేదు. విన్నా ఏమీ మారేది కాదని తెలుసు. తెలిసినా మనసు ఒప్పదు.

ఆయుధపూజకు నేను లాప్‌టాప్ మూతకు గంధం, కుంకుమ పెట్టినాను. "గాలి ఆడే కన్నాల్లో కుంకుమ పోస్తావేమే!" అని మా ఇంటాయన మొత్తుకున్నాడు. మామ ఒక్కడే నా పక్క. "పెట్టనీప్పా, నేను డెక్కుకు ఎన్నేండ్లు పెట్టలే? ఒక్క నాడైనా అలిగిందా?" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మామ వచ్చేవాడు. హాల్లో బల్ల మీద లాప్‌టాప్, అటూ ఇటూ ఆయన చెప్పిన స్పీకర్లు. మామ కుర్చీ మొదట సోఫా పక్కన వేసినాం. కొన్నాళ్ళకు దాన్ని గోడ దాకా జరిపించుకున్నాడు. ఆ తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి. అదీ చాలక ఎదురుగా వాకిలి గడపలోకి. పక్కింటివాళ్ళు వస్తే, "ఏమప్పా, మామను గడప మీద కూచోబెట్టినారు, అలిగినాడా ఏంది?" అనేవాళ్ళు. "పెండ్లివారింట్లో తొలి బంతికి పిలవలేదని కోపం," అని మామే తేల్చేసేవాడు. ఇంకొన్నాళ్ళకు కుర్చీ గడప దాటి వరండాలోకి పోయింది.

ఆ కుర్చీ జరిగిందంటే దానికి అర్థం ఏమిటో మా ఇద్దరికీ, మామకూ తప్ప ఎవరికీ తెలియదు. చుక్కల మందు నేనే చేతులు కడుక్కొని, స్వామి పేరు చెప్పి వేసేదాన్ని. ఊర్లో ఉన్న దినాల్లో తానే వేసుకునేవాడు. శనివారం కొండ మీది గుడికి పోయి నిలబడితే నాకు ఒక్కటే కోరిక. చూపు తిరిగి ఇవ్వమని అడగలేదు, అంత ఆశ లేదు. రేపు కుర్చీ పోయిన వారం ఉన్నచోటే ఉంటే చాలు స్వామీ, అనుకునేదాన్ని. కొన్ని వారాలు ఉండేది. ఆ వారాలకు నేను స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో. కొన్ని వారాలు మామ కూచొని, తల అటూ ఇటూ ఆడించి, ఏమీ అనకుండా లేచి కుర్చీ ఇంకొక జానెడు వెనక్కి లాక్కునేవాడు. కాళ్ళు నేలకు రాసుకొని కుర్చీ చేసే ఆ చప్పుడుకు నేను వంటింట్లో కండ్లు మూసుకునేదాన్ని. చేతిలో ఉన్న గరిటె అట్లే ఉండేది.

ఒక ఆదివారం వచ్చి, వరండాలో కుర్చీ దగ్గర ఆగి, "దాన్ని లోపలికి తెచ్చి బల్ల దగ్గర వెయ్యి పాపా," అన్నాడు.

స్వామి విన్నాడనుకున్నాను. పరుగున పోయి కుర్చీ తెచ్చి తెరకు ఎదురుగా వేసినాను. మామ చేత్తో తడిమి దాన్ని పక్కకు తిప్పుకొని, స్పీకరు దగ్గరకు చెవి పెట్టి కూచున్నాడు.

"ఇంక దూరం పోయి ఏం లాభం పాపా. ఈడ కూచుంటే సద్దన్నా బాగుంటాది."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. మా ఇంటాయన ఆట ఆపేసి, మీటల మీద చేతులు అట్లే పెట్టుకొని కూచున్నాడు. మామే అన్నాడు: "ఏమప్పా, బండి నిలిపేసినావు? పెట్రోలు అయిపోయిందా?"

అప్పుడు మా ఇంటాయనకు ఏం తోచిందో, మామ వేళ్ళు తీసి మీటల మీద పెట్టినాడు. "నువ్వు తోలు మామా. నేను చెప్తాను. ఇది ఎడమ, ఇది కుడి."

"నేనా? గుడ్డి..." అని మామ నోరు జారి, ఆపేసుకున్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి విన్నది అదొక్కసారే.

"ఎడమకు మామా, ఎడమకు! ఆఁ, నేరుగా. కుడికి, కుడికీ..."

కారు పోయి గోడకు గుద్దుకుంది. మామ కిలకిలా నవ్వినాడు. "గోడ ఎవుడు కట్టినాడప్పా నడిదోవలో?" మళ్ళీ మొదలుపెట్టినారు. నేను కూడా పోయి పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టినాను. ఆకాశం ఏ రంగుందో, పక్కన చెట్లు ఎట్ల వెనక్కి పోతున్నాయో, ముందర పోయే కారు వెనక ఎర్రదీపాలు ఎట్ల మిణుకుతున్నాయో. మామ మొగం తెర పక్క లేదు, నా గొంతు పక్క ఉంది. "నెమ్మదిగా చెప్పు పాపా, నేను చూస్తా ఉండాను కదా," అనేవాడు. ఒక్క పందెమూ గెలవలేదు. కడాన కూడా రాలేదు. మధ్యలోనే ఏ గోడకో అతుక్కుపోయేవాడు. అయినా ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న నవ్వు ఇప్పుడు తలుచుకుంటే, దాన్ని ఇచ్చినందుకు స్వామికి దండం పెట్టాలో, దాంతోనే సరిపెట్టినందుకు అడగాలో నాకు తెలియదు. దండమే పెట్టుకుంటాను. అడగడం నాకు చేతకాదు.

ఆ తర్వాత మామ ఎక్కువ రాలేదు. జ్వరం అన్నారు, నీరసం అన్నారు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగా నాగవేణక్క పూలగంపతో వచ్చింది.

రాయకోటలో ఆయన్ని చూడడానికి ఊర్లు ఊర్లు వచ్చినారు. మా పెండ్లిలో వేసినాడు, మా జాతరలో వేసినాడు, మా అవ్వ కోసం టీవీని మూటల మీదకు ఎక్కించినాడు అని చెప్పుకున్నారు. కండ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎవరికీ తెలియదు. నేను పూలు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, ఆ మాటలన్నీ ఒక్కటీ పోకుండా విన్నాను. ఆయన భయపడిన పేరు ఆయన మీద పడలేదు. ఆయనకు నేను చేయగలిగింది ఆ ఒక్కటే, నోరు మూసుకొని ఉండడం.

ఈ పొద్దు మీకు చెప్పేసినాను. చెప్పకుండా ఆయన్ని రాయడం నాకు రాలేదు. అందుకే ఆయన అసలు పేరు రాయలేదు. చదివిన మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, మీరు కొలిచే దేవుడు ఎవరైనా సరే, ఆయన ముందర ఒక్క క్షణం మా మామను తలుచుకోండి. రాయకోట పక్క ఊరూరా బొమ్మ వేసినాయన అనుకుంటే చాలు. కండ్ల సంగతి మాత్రం, దయచేసి, దేవుడి దగ్గర కూడా ఎత్తకండి.